తలుపు తట్టినవాళ్ళ మాట నమ్మే డిటెక్టివ్

ఇవాళ నేను ఎత్తుకున్న విషయం వింటే, "ఇదేం చోద్యమమ్మా, మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకుని కూర్చుంటే దయ్యాల గోలా!" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. ఇది ఇటలీ దేశపు దయ్యాల గోల. అందులోనూ బొమ్మల కథ. అయినా మన ఆడవాళ్ళం వినదగ్గ సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి కనకనే చెబుతున్నాను.

ఇటలీలో బొమ్మల కథలను 'ఫుమెత్తి' అంటారు. 'ఫూమో' అంటే వాళ్ళ భాషలో పొగ. బొమ్మలో మనిషి నోటి దగ్గర మాటలు రాయడానికి ఒక గుండ్రటి గడి గీస్తారు చూడండి, అది నోట్లోంచి వచ్చిన పొగలాగా ఉంటుందని ఆ పేరు. మన ఇళ్ళల్లో బొమ్మల కథంటే అది పిల్లల సరుకు. పెద్దవాళ్ళు చదివినా, పిల్లలు పడుకున్నాక చాటుగా చదువుతారు. అక్కడ అలా కాదు. పత్రికలమ్మే బంకులో కొనుక్కుని, రైల్లో కూర్చుని గుమాస్తాలూ, టీచర్లూ, తాతగార్లూ దర్జాగా చదువుకుంటారు.

ఈ వ్యాపారం వెనక ఆడవాళ్ళ చెయ్యి ఎంత ఉందో తెలిశాక నాకు ఆశ్చర్యం వేసింది. మిలాన్ నగరంలో జ్యాన్ లుయీజి బోనెల్లి అని ఒక రచయిత, ప్రచురణకర్త ఉండేవాడు. 1940లలో ఆయనా, భార్య తేయా విడిపోయారు. విడిపోయినప్పుడు మన దగ్గరైతే బిందెలూ, బంగారమూ లెక్క చూసుకుంటారు. ఆవిడ చేతికి బొమ్మల కథల ప్రచురణ సంస్థ వచ్చింది. ఆవిడ ఆఫీసు ఇంట్లోనే పెట్టుకుని దాన్ని నడిపింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, విడిపోయిన ఆ భర్తే ఆవిడ సంస్థకు కథలు రాసి ఇచ్చాడు. అలా 1948 సెప్టెంబరు 30న 'టెక్స్' అనే గుర్రపు రౌతు కథ మొదలైంది. చిత్రకారుడు ఔరేలియో గాలెప్పీని. ఆ టెక్స్ ఇప్పటికీ వస్తూనే ఉంది. వాళ్ళ అబ్బాయి సెర్జియో 1957లో తల్లి చేతిలోంచి పగ్గాలు తీసుకున్నాడు. నేను చెప్పబోయే దయ్యాల డిటెక్టివ్ ఈ సంస్థలోనే పుట్టాడు.

అదే మిలాన్‌లో ఆంజెలా, లుచానా జుస్సాని అనే అక్కచెల్లెళ్ళు ఉండేవారు. అక్క విమానం నడిపే లైసెన్సు కూడా సంపాదించిన మనిషి. రోజూ రైళ్ళలో వచ్చి పోయే ఉద్యోగస్తులను చూసి, వీళ్ళ కోటు జేబులో పట్టేంత చిన్న పుస్తకం వేస్తే కొనుక్కుంటారని ఆవిడకు తోచింది. 1962 నవంబరులో 'డియబోలిక్' అనే పుస్తకం వేశారు. కథానాయకుడు దొంగ! అతని ప్రియురాలు ఎవా కాంట్ అతనికి ఏ విషయంలోనూ తీసిపోదు. ఇద్దరు ఆడవాళ్ళు దొంగ కథలు రాయడమేమిటని పెద్దమనుషులు గొడవ చేశారు, కోర్టులకు లాగారు. అక్కచెల్లెళ్ళు బెదరలేదు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇటలీలో బొమ్మల కథలు పెద్దవాళ్ళ చదువుగా మారడానికి, వాటిలో చీకటి సంగతులు రావడానికి దారి వేసినవాళ్ళలో వీళ్ళున్నారు.

ఇక అసలు కథకు వద్దాం.

తిత్సియానో స్క్లావి అనే రచయిత 1953లో ఉత్తర ఇటలీలోని బ్రోని అనే ఊళ్ళో పుట్టాడు. నలుగురిలో కలవని మనిషి. ఇంటర్వ్యూలంటే పారిపోతాడు. బోనెల్లి సంస్థలో పని చేస్తూ, దయ్యాలూ పిశాచాల కేసులు పట్టే డిటెక్టివ్ కథ ఒకటి రాస్తానన్నాడు. మొదట అతను అనుకున్నది న్యూయార్కులో ఒంటరిగా తిరిగే డిటెక్టివ్‌ని. ఆఫీసులో చర్చలు జరిగాక ఊరు లండన్ అయింది, పక్కన ఒక హాస్యగాడు చేరాడు. కథానాయకుడి పేరు డిలన్ డాగ్. మొదటి మాట వేల్స్ దేశపు కవి డిలన్ థామస్ నుంచి తీసుకున్నది. ముఖం మాత్రం రూపర్ట్ ఎవరెట్ అనే ఇంగ్లీషు నటుడిది. 1984లో వచ్చిన ఒక సినిమాలో అతన్ని చూసి, ఆ పోలికలతోనే గీశారు.

మొదటి సంచిక 1986 సెప్టెంబరు 26న బంకుల్లోకి వచ్చింది. పేరు 'బ్రతికున్న శవాల ఉదయం'. బొమ్మలు ఆంజెలో స్తానో వేశాడు, అట్ట మీది బొమ్మ క్లౌదియో విల్లాది. రమారమి 100 పేజీల పుస్తకం, లోపలంతా నలుపు తెలుపే. నెలకొకటి, ఒక్కో పుస్తకంలో ఒక పూర్తి కథ. తొలిరోజుల్లో పంపిణీదారు ఫోను చేసి, పుస్తకం బంకుల్లోనే చచ్చిపోయిందన్నాడట. ఆ మాట రచయిత చెవిన పడకుండా సెర్జియో బోనెల్లి కొన్నాళ్ళు దాచాడంటారు. వారం తిరిగేసరికి ప్రతులు దాదాపు అయిపోయాయి. శవం లేచి కూర్చుందన్న మాట!

ఆ మొదటి కథలోనే ఈ పుస్తకాల ఆకర్షణంతా ఉందని నా అభిప్రాయం. సిబిల్ అనే యువతి డిలన్ ఇంటి గంట నొక్కుతుంది. ఆ గంట మోగదు, కీచుమని అరుస్తుంది. అది వేరే సంగతి. ఆవిడ భర్త చనిపోయి, మళ్ళీ శవంగా లేచి వచ్చాడు. ఆవిడ తనను తాను కాపాడుకుంది. పోలీసుల లెక్కలో మాత్రం భర్తను చంపిన భార్య. ఆవిడ చెప్పేది ఎవరు నమ్ముతారు? పిచ్చిదంటారు, లేకపోతే హంతకురాలంటారు. లండన్ నగరమంతట్లో ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, మాట పూర్తిగా విన్నవాడు ఈ డిలన్ ఒక్కడే.

ఆ తరవాత వచ్చిన వందల కథలలో చాలావాటి మొదలు ఇలాగే ఉంటుంది. పోలీసులు పొమ్మన్నవాళ్ళు, డాక్టరు నిద్రమాత్రలు రాసిచ్చి పంపేసినవాళ్ళు, సొంత ఇంట్లోనే "నీదంతా భ్రమ" అనిపించుకున్నవాళ్ళు క్రావెన్ రోడ్డు 7వ నంబరు ఇంటికి వస్తారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. అతని ఫీజు మొదట్లో రోజుకు 50 పౌండ్లు, ఖర్చులు అదనం. ఇంతకుముందు స్కాట్లండ్ యార్డులో పోలీసు. అక్కడి ఇన్‌స్పెక్టర్ బ్లాక్ అతనికి తండ్రిలాంటివాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఇల్లాలు "నాకు ఒంట్లో బాగాలేదు, ఏదో భయంగా ఉంది" అంటే, "ఏం లేదు, నీ ఊహ" అనే జవాబు ఏ దేశంలో వినపడదు? ఇటలీలో బోనెల్లి వారి గుర్రపు రౌతుల కథలను ఎక్కువగా మగవాళ్ళూ, మగపిల్లలూ చదివేవారు. డిలన్ డాగ్ వచ్చాక అమ్మాయిలు, గృహిణులు ఆ బంకుల దగ్గరకు వచ్చారు. అతను అందగాడు కనక వచ్చారని కొందరు తేల్చేశారు. అందం ఒక కారణం కావచ్చు, కాదనను. అయితే అందగాళ్ళు సినిమాలలో కావలసినంతమంది ఉన్నారు. వినేవాడు దొరకడం కష్టం.

పైగా ఇతను ధీరుడేమీ కాదు. ఎత్తులంటే భయం. ఇరుకు గదులంటే భయం. గబ్బిలమంటే ప్రాణం పోతుంది. దయ్యాల డిటెక్టివ్‌కి గబ్బిలాల భయమేమిటండీ! ప్రయాణాలు పడవు, విమానం ఎక్కడు. ఒకప్పుడు తాగుడుకు బానిసై, బయటపడి, ఇప్పుడు చుక్క ముట్టడు. మాంసం తినడు. ఎర్ర చొక్కా, నల్ల కోటు, నీలం జీన్సు తప్ప వేరే బట్టలున్నట్టు కనపడదు. తెల్లటి పాత ఫోక్స్‌వాగన్ కారు. తీరిక వేళ క్లారినెట్ మీద తార్తీనీ స్వరపరచిన పాత బాణీ ఒకటే వాయిస్తాడు. దాని పేరు 'దెయ్యపు గమకం' అనుకోండి. బల్ల మీద చెక్కముక్కలతో ఒక తెరచాప ఓడ నమూనా తయారు చేస్తూ ఉంటాడు, అది ఎన్నటికీ పూర్తి కాదు. కోపమొచ్చినా ఆశ్చర్యమొచ్చినా నోట వచ్చే ఊతపదం 'నాట్యమాడే జూడాస్!' అని.

అతని సహాయకుడు గ్రౌచో. అమెరికన్ హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ పోలికే: అవే మీసాలు, అదే చుట్ట. అతని హాస్యం వింటే నవ్వు కంటే విసుగే వస్తుంది. కానీ ప్రాణం మీదకు వచ్చే సమయానికి డిలన్ చేతికి పిస్తోలు విసిరేది అతనే. మన పాత సినిమాలలో కథ ఎంత ఏడిపిస్తున్నా మధ్యలో రేలంగి, రమణారెడ్డి వచ్చి కాస్త ఊపిరి తీసుకోనిచ్చేవారు గదా, అదే పని ఇక్కడ గ్రౌచోది.

మా మేనకోడలు చదువుకోసం మిలాన్ వెళ్ళి, సెలవులకు వస్తూ ఈ పుస్తకాలు అరడజను పట్టుకొచ్చింది. నాకు భాష రాదు. బొమ్మలు చూపిస్తూ తను కథ చెబుతుంటే విన్నాను. రెండు కథలు మాత్రం మీకు చెప్పకుండా ఉండలేను.

ఒకటి 1988లో వచ్చినది, 19వ సంచిక, 'అదృశ్యుడి జ్ఞాపకాలు'. ఒక మామూలు మనిషి. అతన్ని ఎవరూ పట్టించుకోరు. పలకరించరు, తాకరు, పేరు గుర్తు పెట్టుకోరు. అలా అలా చివరికి నిజంగానే ఎవరి కంటికీ కనిపించకుండా పోతాడు. మంత్రం లేదు, మందు లేదు. ఎవరూ చూడకపోవడంవల్ల కనపడకుండా పోయాడు, అంతే. పొద్దున్నే లేచి రాత్రి దీపం ఆర్పేదాకా ఇంట్లో తిరుగుతూ ఉండే మనిషి ఎవరి కంటికీ ఆనకపోవడం ఎలా ఉంటుందో మనకు ఎవరైనా వర్ణించి చెప్పాలా? నేనైతే ఆ పేజీల దగ్గర కొంచెంసేపు ఆగాను.

రెండోది 1993లో వచ్చిన 81వ సంచిక, 'జానీ ఫ్రీక్'. మౌరో మార్కెసెల్లి, స్క్లావి కలిసి అల్లారు. బొమ్మలు ఆంద్రెయా వెంతూరి. జానీ అనే కుర్రవాడికి చెవులు వినపడవు, మాట రాదు, కాళ్ళు లేవు. బొమ్మలు మాత్రం అద్భుతంగా గీస్తాడు. డిలన్ అతన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. ఆరా తీస్తే తేలిందేమిటి? కన్నవాళ్ళే వాణ్ణి చాటున పెంచారు. ఇంకో కొడుక్కి అవసరం వచ్చినప్పుడల్లా వీడి శరీరంలోంచి తీసి వాడికి పెట్టడానికి! ఒక బిడ్డను బ్రతికించుకోవడానికి ఇంకో బిడ్డను సరుకుల గదిలో డబ్బాలాగా ఉంచారన్న మాట. ఈ కథలో పిశాచం లేదు, శవం లేవదు. ఇంతకంటే భయంకరమైన కథ ఆ వరసలో లేదని మా మేనకోడలు అంటుంది. ఇటలీ పాఠకులు ఆ కుర్రవాణ్ణి మరిచిపోలేకపోయారు. 1997లో 'జానీ గుండె' అని రెండో భాగం రాయవలసి వచ్చింది.

స్క్లావి భయం ఇలాంటిది. అతని కథలలో వికారంగా ఉన్నదాన్ని చూసి ముందు జడుసుకుంటాం, పది పేజీలు తిరిగేసరికి దాని మీద జాలి కలుగుతుంది. చక్కగా టై కట్టుకుని, నిదానంగా మాట్లాడే పెద్దమనిషిని చూస్తే అప్పుడు వణుకు పుడుతుంది. మన భేతాళ కథలలో విక్రమార్కుడి భుజం మీది శవం కూడా అంతే గదా? శవమని భయపడతాం, తీరా అది అడిగే ప్రశ్నలన్నీ బ్రతికున్నవాళ్ళ న్యాయం గురించే.

తల్లిగా నాకు ఇందులో నచ్చనివీ ఉన్నాయి. మొదటి సంవత్సరాల సంచికలలో నెత్తురు మరీ ఎక్కువ. గొడ్డళ్ళు, తెగిన తలలు. ఆ రోజుల్లో ఆడుతున్న దారియో అర్జెంతో, జార్జి రొమేరో సినిమాల ప్రభావం అది. ఆ ఇంటి వీధి పేరు కూడా వెస్ క్రావెన్ అనే అలాంటి సినిమా దర్శకుడి పేరే. 1990 ప్రాంతంలో ఇటలీలో ఇలాంటి భయానక పత్రికలు పిల్లలను చెడగొడుతున్నాయని గొడవ లేచి పార్లమెంటు దాకా వెళ్ళింది. అక్కడి తల్లులు ఆందోళన పడ్డారంటే నేను తప్పు పట్టను. పదేళ్ళ పిల్లవాడి చేతికి నేనైతే ఇవ్వను. పదహారేళ్ళ పిల్ల అడిగితే ముందు నేను చదివి, జానీ కథ ఇస్తాను. చేతిలోంచి లాక్కుంటే అట్ట వేసుకుని చదువుతారు. మనం చదవలేదా ఏమిటి, లెక్కల పుస్తకంలో పెట్టుకుని డిటెక్టివ్ నవలలు!

ఇంకోటి. ఈ డిలన్ ప్రతి నెలా ఒక కొత్త అమ్మాయిని ప్రేమిస్తాడు. నిజంగానే ప్రేమిస్తాడట, ఆటకు కాదు. కానీ నెల తిరిగేసరికి ఆ పిల్ల చచ్చిపోనన్నా పోతుంది, వెళ్ళిపోనన్నా పోతుంది. ముప్ఫై ఏళ్ళు ఇదే వరస. ఇందులో మినహాయింపులు లేకపోలేదు. 1992లో వచ్చిన 'సుదీర్ఘమైన వీడ్కోలు' అనే 74వ సంచికలో అతని చిన్ననాటి ప్రేమ కథ ఉంది, మరీనా అనే అమ్మాయిది. సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు, ఒక వేసవి. అది చదివి ఏడవని పాఠకురాలు లేదంటారు. మిగతా అమ్మాయిల పేర్లు పాఠకులకైనా గుర్తుంటాయా అని నా సందేహం. వినడం తెలిసిన మగవాడు నిలబడడం కూడా తెలిసినవాడై ఉంటే బాగుండును.

ఈ బొమ్మల కథకు మన హైదరాబాదుతో చిన్న చుట్టరికం ఉందంటే నమ్ముతారా? 1990 ఫిబ్రవరిలో వచ్చిన 41వ సంచిక పేరు 'గోల్కొండ!' అవును, మన గోల్కొండే. బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ 1953లో ఒక బొమ్మ వేశాడు. వరసగా ఇళ్ళు, ఆకాశం నిండా గుండ్రటి టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, వాన చినుకుల్లాగా. దానికి 'గోల్కొండ' అని పేరు సూచించినది అతని కవి మిత్రుడు లుయీ స్క్యూతెనేర్. మన వజ్రాల పుణ్యమా అని యూరప్ భాషలలో గోల్కొండంటే అంతులేని సిరికి మారుపేరు. అలా కుతుబ్‌షాహీల కోట పేరు బెల్జియం చిత్రకారుడి ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి మిలాన్‌లోని దయ్యాల పుస్తకం అట్ట మీదకు ఎక్కింది. స్క్లావి పద్ధతే ఇది. సినిమా, చిత్రకళ, కవిత్వం అన్నిటిలోంచీ ఒక్కో పోగు లాగి తన బొంతకు కుట్టుకుంటాడు. అందుకే కాబోలు, ఉంబెర్తో ఎకో అంతటి పండితుడు బైబిలూ, హోమరూ, డిలన్ డాగూ ఎన్ని రోజులైనా విసుగు లేకుండా చదవగలనన్నాడని ఇటలీలో చెప్పుకుంటారు.

1990ల మొదట్లో ఈ పుస్తకాలు, పాత సంచికల పునర్ముద్రణలతో కలిపి, నెలకు లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అమెరికావాళ్ళు కూడా ఆశపడ్డారు. 1999లో అక్కడ వేసినప్పుడు గ్రౌచో మార్క్స్ హక్కుల గొడవ వస్తుందని పాపం గ్రౌచో మీసాలు చెరిపేసి, పేరు మార్చేశారు. 2010లో తీసిన సినిమాలో గ్రౌచోను ఎత్తేశారు, లండన్ తీసేసి న్యూ ఆర్లియన్స్ అన్నారు. కండలు తిరిగిన హీరో, పిశాచాలతో కుస్తీలు. ఇటలీ అభిమానులు మొహం తిప్పుకున్నారు. ఎందుకు తిప్పుకోరు? భయపడే మనిషిని తీసేసి, భయపెట్టే మనిషిని పెట్టారు.

స్క్లావి క్రమంగా రాయడం తగ్గించి, తరవాత ఏళ్ళ తరబడి మౌనంగా ఉండిపోయాడు. తాగుడుతో తాను పడిన బాధను ఆయన దాచుకోలేదు. తన నాయకుడు తాగుడు మానినవాడై ఉండడం ఊరికే కల్పించింది కాదని అప్పుడు తెలుస్తుంది. డిలన్ డాగ్‌కు 30 ఏళ్ళు నిండిన 2016లో ఆయన మళ్ళీ కలం పట్టి 362వ సంచిక రాశాడు. పేరే 'చాలాకాలపు మౌనం తరవాత'. అందులో ఇన్నేళ్ళు నిగ్రహించుకున్న డిలన్ మళ్ళీ సీసా దగ్గరకు వెళతాడు. ఇంట్లో ఒకరు తాగితే మిగతావాళ్ళ మీద పరుచుకునే ఆ నిశ్శబ్దం మన దేశంలో ఎంతమంది ఇల్లాళ్ళకు తెలియదు? దానికి అట్ట మీది బొమ్మ తెల్లగా, దాదాపు ఖాళీగా ఉంటుంది.

సెర్జియో బోనెల్లి 2011లో కన్నుమూశాడు. 2020 జనవరిలో 400వ సంచిక వచ్చింది. 1990ల చివర నుంచి పావొలా బర్బాతో అనే రచయిత్రి ఎన్నో కథలు రాసింది. 2023లో ఈ పుస్తకాల సంపాదకత్వం బార్బరా బరాల్ది అనే రచయిత్రి చేతికి వచ్చింది. ఒకప్పుడు తేయా బోనెల్లి ఇంట్లో బల్ల మీద లెక్కలు చూసుకున్న సంస్థలోనే. డిలన్ ప్రేమించే అమ్మాయిలు ఇకముందైనా నెలకు మించి బ్రతుకుతారేమో, మా మేనకోడలు మళ్ళీ సెలవులకు వచ్చినప్పుడు అడగాలి.